త్రీడీ స్కాన్‌లో బండ పగుళ్లను కంప్యూటర్‌తో పట్టుకోవడం ఎలా

కరీంనగర్ దగ్గర ఒక గ్రానైట్ క్వారీ. గోడ ఎత్తు పది మీటర్లు, పొడవు నలభై దాకా ఉంటుంది. పగలు డ్రోన్‌తో ఫొటోలు తీసి, రాత్రి లాడ్జిలో కూర్చుని త్రీడీ మోడల్ చేసి, సాఫ్ట్‌వేర్ నడిపాను. నిట్టనిలువుగా, అద్దంలా చదునుగా ఉన్న పెద్ద పగులు ఒకటి దొరికింది. లిస్టులో అన్నిటికంటే పైన అదే. పొద్దున్నే ప్రింటవుట్ పట్టుకుని క్వారీకి వెళ్తే, ఏళ్ల తరబడి అక్కడే రాయి కొడుతున్న పెద్దాయన ఒకసారి కాగితాన్ని చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. "సార్, గది పగులు కాదు. పోయిన నెల మేమే వైరుతోని కోసినం" అన్నాడు.

కంప్యూటర్ తప్పేం లేదు. చదునుగా ఉన్న ముఖాలు వెతకమన్నాను, వెతికిపెట్టింది. వాటిలో ఏది పగులు, ఏది వైరు రంపం కోత, ఏది డ్రిల్లు గాటు అన్నది తేల్చాల్సింది నేను. ఇక్కడ చెప్పబోయే పద్ధతి మొత్తం ఈ తేడాను గుర్తుపెట్టుకునే నడుస్తుంది.

ఈ పని ఎవరికి అవసరం అంటే, క్వారీలో ఎంత పెద్ద దిమ్మ వస్తుందో ముందే అంచనా వేయాలనుకునేవాళ్లకు, రోడ్డు పక్క కొండ కోతలు చూసే ఇంజనీర్లకు, జియాలజీ, మైనింగ్ విద్యార్థులకు. తిరుమల ఘాట్ రోడ్డునే తీసుకోండి. అక్కడ పైన కనిపించే నిలువు గోడలన్నీ క్వార్ట్‌జైట్, కింద గ్రానైట్. 2021 డిసెంబరులో వానలకు రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద పెద్ద బండలు జారి పడ్డాయి. అలాంటి గోడ మీద కంపాస్ ఆనించి పగులు వాలు కొలవాలంటే తాడు కట్టుకుని వేలాడాలి. స్కాన్ అయితే కింద నిలబడి తీసుకోవచ్చు.

ముందు తేల్చుకోవాల్సిన ఒక సంగతి

బండలో పగులు రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి, పగులుకు ఒక వైపున్న రాయి ఊడిపోయి, పగులు ముఖం మొత్తం బయటపడి ఉంటుంది. ఇది చదునైన పలకలా కనిపిస్తుంది. రెండోది, పగులు ఇంకా రాయి లోపలే ఉండి, గోడ మీద గీతలా మాత్రమే తెలుస్తుంది. మొదటిదాన్ని త్రీడీ ఆకారం నుంచి పట్టుకోవచ్చు. రెండోదానికి ఆకారం చాలదు, రంగు, నీడ కూడా కావాలి. చాలామంది పలకలు మాత్రమే వెతికి, గీతల్ని వదిలేసి, ఈ బండలో పగుళ్లు తక్కువ అని రాసేస్తారు. మీరలా చేయొద్దు.

1. స్కాన్ తీయడం

లేజర్ స్కానర్ ఉంటే మంచిదే. లేకపోయినా టెన్షన్ పడక్కర్లేదు, మామూలు కెమెరా, డ్రోన్ చాలు. ఒకే చోటును వేర్వేరు కోణాల నుంచి తీసిన ఫొటోలను కలిపి ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పాయింట్ క్లౌడ్ తయారుచేస్తుంది. పాయింట్ క్లౌడ్ అంటే లక్షల చుక్కలు, ఒక్కో చుక్కకు మూడు కొలతలు: తూర్పుకెంత, ఉత్తరానికెంత, ఎత్తెంత. కొన్ని ఫోన్లలో ఉండే లైడార్, అంటే లేజర్‌తో దూరం కొలిచే సెన్సర్, ఐదు మీటర్ల లోపే పనికొస్తుంది. చిన్న బండ మీద ప్రాక్టీసుకు అది సరిపోతుంది.

డ్రోన్ అయితే 250 గ్రాములు దాటిన దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఎగరేసే చోటు ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో ఉందో లేదో మ్యాప్‌లో చూసుకోండి. తిరుమల కొండ మీద డ్రోన్లు పూర్తిగా నిషేధం, అక్కడ కింద నుంచి స్కానర్ పెట్టుకోవాల్సిందే.

కెమెరాను పైనుంచి కిందికి చూపిస్తూ తీసిన ఫొటోలు గోడలకు పనికిరావు. గోడకు ఎదురుగా, దాదాపు ఒకే దూరంలో ఉంటూ, పక్కపక్క ఫొటోల్లో 80 శాతం దాకా అదే భాగం కనిపించేలా తీయండి. ఎదురుగా తీశాక ఎడమ నుంచి ఒక వరుస, కుడి నుంచి ఒక వరుస ఏటవాలుగా తీయండి. ఇది బద్ధకించే చోటు కాదు. ఒకే దిక్కు నుంచి తీస్తే, మీకు వీపు తిప్పిన ముఖాలన్నీ మోడల్‌లో ఖాళీలుగా మిగులుతాయి. ఒకే దిక్కుకు వాలిన పగుళ్ల వరుస మొత్తం అలా మాయమైపోవచ్చు, మాయమైందన్న సంగతి కూడా మీకు తెలియదు.

ఎండ నెత్తి మీదున్నప్పుడు నీడలు నల్లగా పడతాయి. మబ్బు పట్టిన రోజు దొరికితే అదృష్టం. తడి రాయిని లేజర్‌తో తీయొద్దు, చుక్కలు సరిగా రావు.

2. ఉత్తరం ఎటుందో మోడల్‌కు చెప్పడం

నేను మొదట్లో ఒక ప్రాజెక్టులో మూడు రోజుల పని ఇక్కడే పోగొట్టుకున్నాను. మోడల్ అందంగా వచ్చింది, పగుళ్లు వచ్చాయి, వాలు కోణాలు వచ్చాయి. తీరా చూస్తే మోడల్ తనకు నచ్చిన దిక్కును ఉత్తరం అనుకుంది, కాస్త పక్కకు ఒరిగి కూడా ఉంది. అంకెలన్నీ చెత్తబుట్టకే.

కాబట్టి ఫొటోలు తీసే ముందే గోడ మీద, గోడ కింద కనీసం ఐదారు గుర్తులు పెట్టండి. అవన్నీ ఒకే వరుసలో ఉండకూడదు, ఎత్తులో కూడా తేడా ఉండాలి. వాటి స్థానాలు డీజీపీఎస్‌తోనో టోటల్ స్టేషన్‌తోనో (సర్వేయర్లు కచ్చితమైన స్థానాలు కొలిచే పరికరాలు) కొలవండి. అంత సరంజామా లేకపోతే ఇంకో దారి ఉంది. గోడకు ఎదురుగా ఒక చదునైన బోర్డును, పై అంచు సరిగ్గా మట్టంగా ఉండేలా స్టాండ్ మీద పెట్టి, దాని వాలు, వాలు దిశను కంపాస్‌తో కొలిచి రాసుకోండి. బోర్డు పొడవు టేపుతో కొలవండి. తర్వాత మోడల్‌లో ఆ బోర్డు అదే వాలుకు, అదే పొడవుకు, పై అంచు మట్టంగా వచ్చేలా తిప్పి సరిచేయవచ్చు. బోర్డు నిలువుగానూ పడుకోబెట్టీ కాకుండా ఏటవాలుగా ఉండాలి, అప్పుడే మట్టంగా ఉన్న పై అంచుతో కలిపి ఒరుగు, దిక్కు రెండూ దాన్నుంచే దొరుకుతాయి. కంపాస్ పెట్టేటప్పుడు పక్కన పొక్లెయిన్ ఉంటే దూరంగా జరగండి, ఇనుము ముల్లును పక్కకు లాగేస్తుంది.

యూటీఎం జోన్ కూడా చూసుకోండి, అంటే భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా విడగొట్టి మీటర్లలో కొలతలిచ్చే పద్ధతిలో మీ చోటు ఏ పట్టీలో ఉందో. హైదరాబాద్, కరీంనగర్, తిరుపతి అన్నీ 44వ జోన్‌లోకి వస్తాయి. 78 డిగ్రీల రేఖాంశానికి పడమరగా ఉన్న అనంతపురం, ఆదోని వైపు అయితే 43.

3. చుక్కల్ని శుభ్రం చేయడం

ఇక్కడి నుంచి క్లౌడ్‌కంపేర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ఫైలు తెరవగానే కోఆర్డినేట్లు చాలా పెద్దవిగా ఉన్నాయి, తగ్గించనా అని అడుగుతుంది. సరే అనండి. వద్దంటే ఆరేడు అంకెల సంఖ్యల్లో చివరి సెంటీమీటర్లు కొట్టుకుపోయి, గోడ మెట్లు మెట్లుగా కనిపిస్తుంది.

తర్వాత చెట్లు, పొదలు, కేబుళ్లు, కింద పడిన రాళ్ల గుట్ట, నిలబడ్డ మనుషుల్ని కత్తెర గుర్తుతో కోసి పారేయండి. చేత్తో చేసే పనే, విసుగ్గా ఉంటుంది, అయినా చేయండి. రాలిపడిన బండల ముఖాలు కూడా చదునుగానే ఉంటాయి. వాటిని వదిలేస్తే అన్ని దిక్కుల్లోనూ దొంగ పగుళ్లు పుడతాయి.

ఆ తర్వాత టూల్స్ మెనూలో ఎస్ఓఆర్ ఫిల్టర్ నడిపితే గాల్లో తేలే ఒంటరి చుక్కలు పోతాయి. చివరగా సబ్‌శాంపిల్ చేసి చుక్కకు చుక్కకు మధ్య దూరం సమానం చేయండి. పది మీటర్ల గోడకు 2 సెంటీమీటర్లు బాగుంటుంది. ఈ మెట్టు వదిలేస్తే దగ్గరి భాగంలో చుక్కలు కిక్కిరిసి, దూరపు భాగంలో పలచగా ఉండి, లెక్కలన్నీ దగ్గరి భాగం వైపే మొగ్గుతాయి.

4. నార్మల్స్ లెక్కించడం

ఒక్కో చుక్క చుట్టూ ఉన్న చుక్కల్ని తీసుకుని, వాటికి సరిపోయే చిన్న పలకను ఊహించి, ఆ పలకకు లంబంగా ఒక గీత గీస్తే అదే నార్మల్. అట్టముక్క మీద నిలువుగా గుచ్చిన గుండుసూదిలా అనుకోండి. అట్ట ఎటు వాలితే సూది దానికి తగ్గట్టు ఒరుగుతుంది. సూది ఒరుగును బట్టి ఆ చోట రాయి ఎంత వాలుగా, ఏ దిక్కుకు వాలి ఉందో తెలుస్తుంది.

చుట్టూ ఎంత దూరం దాకా తీసుకోవాలన్నదే అసలు ప్రశ్న. మరీ చిన్నగా తీసుకుంటే రాయి గరుకుదనం అంతా నార్మల్స్‌లోకి ఎక్కి, ఒకే పలక మీద సూదులు తలో దిక్కు చూస్తాయి. మరీ పెద్దగా తీసుకుంటే రెండు పలకలు కలిసే అంచులు గుండ్రంగా కరిగిపోతాయి. చుక్కల మధ్య దూరానికి ఐదారు రెట్లతో మొదలుపెట్టండి. అంటే 2 సెంటీమీటర్ల క్లౌడ్‌కు 10 నుంచి 12 సెంటీమీటర్లు. ఎడిట్ మెనూలో నార్మల్స్, కంప్యూట్ నొక్కి, లోకల్ మోడల్‌గా ప్లేన్ ఎంచుకోండి.

అయ్యాక నార్మల్స్‌ను వాలు, వాలు దిశలుగా మార్చి రంగులు వేయండి. ఒకే రంగు పలకలు గోడ పొడుగునా అక్కడక్కడా మళ్లీ మళ్లీ కనిపిస్తే అవి ఒక పగుళ్ల వరుస. ఈ బొమ్మను ఐదు నిమిషాలు ఊరికే తిప్పి తిప్పి చూడండి. తర్వాత సాఫ్ట్‌వేర్ ఇచ్చే జవాబు సరైందో కాదో సగం ఇక్కడే తెలిసిపోతుంది.

5. పలకల్ని విడగొట్టడం

క్లౌడ్‌కంపేర్‌లో ఫేసెట్స్ అనే ప్లగిన్ ఉంది. అది నార్మల్స్ ఒకేలా ఉన్న పక్కపక్క చుక్కల్ని కలుపుతూ పోయి పలకలుగా చేస్తుంది. దానికి మీరివ్వాల్సినవి ప్రధానంగా మూడు: పక్క చుక్కతో కోణం తేడా ఎంతవరకు ఒప్పుకోవాలి, పలక నుంచి చుక్క ఎంత దూరం వరకు ఉండొచ్చు, పలకకు కనీసం ఎన్ని చుక్కలుండాలి. కోణం 15 డిగ్రీలతో మొదలుపెట్టండి. కనీస చుక్కల సంఖ్యను మీకు కావాల్సిన కొలతను బట్టి లెక్కేసుకోండి. 2 సెంటీమీటర్ల దూరంలో చుక్కలుంటే చదరపు మీటరుకు దాదాపు 2,500 చుక్కలు. పావు చదరపు మీటరు కంటే చిన్న పలకలు వద్దనుకుంటే 600 అని ఇవ్వండి.

ఒకసారి నడిపి వదిలేయొద్దు. కోణం 10, 15, 20 పెట్టి మూడుసార్లు నడపండి. మూడింటిలోనూ నిలబడిన పలకలు నమ్మదగ్గవి. ఒక్కదాంట్లోనే కనిపించి మాయమైనవి సెట్టింగుల పుణ్యం.

కోడ్ రాయగలిగితే పైథాన్‌లో ఓపెన్‌త్రీడీ లైబ్రరీతో నార్మల్స్ తీసి, దగ్గర దగ్గరగా ఉన్నవాటిని ఒక్కటిగా చేర్చే డీబీస్కాన్ పద్ధతితో గుంపులు చేసుకోవచ్చు. స్పెయిన్‌లోని అలికాంటే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన డిస్‌కంటిన్యుయిటీ సెట్ ఎక్స్‌ట్రాక్టర్ కూడా ఉచితమే. అది ముందు పగుళ్ల వరుసలు తేల్చి, తర్వాత ఒక్కో వరుసలోని పలకల్ని విడదీస్తుంది. క్రమం తిరగబడినా చేసే పని అదే.

ఒక హెచ్చరిక. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ గుట్టల్లో ఉల్లిపొరల్లా నేలకు సమాంతరంగా ఊడే పగుళ్లుంటాయి. అవి చదునుగా ఉండవు, గుట్ట ఆకారాన్ని పట్టి వంగుతాయి. సాఫ్ట్‌వేర్ ఒకే పొరను ఏడెనిమిది పలకలుగా ముక్కలు చేసి చూపిస్తుంది. అలాంటి చోట లెక్క చూసి భయపడకుండా, వాటిని చేత్తో కలిపి ఒక్కటిగా రాసుకోండి.

6. వరుసలుగా కట్టడం

ఇప్పుడు మీ దగ్గర రెండు మూడు వందల పలకలుంటాయి, ఒక్కోదానికి వాలు, వాలు దిశ ఉంటాయి. వీటిని స్టీరియోనెట్ మీద, అంటే పలక వాలు, దిశ రెంటినీ కలిపి ఒకే చుక్కగా చూపే గుండ్రటి పటం మీద వేస్తే గుంపులు కనిపిస్తాయి. ఒక్కో గుంపు ఒక వరుస. గ్రానైట్‌లో మామూలుగా రెండు నిలువు వరుసలు, ఒక అడ్డ వరుస కనిపిస్తాయి.

గుంపు సగటు తీసేటప్పుడు ఎక్సెల్‌లో యావరేజ్ కొట్టారో, పప్పులో కాలేసినట్టే. ఒకే వరుసలోని రెండు పలకలు అనుకుందాం: ఒకటి తూర్పుకు, అంటే 90 డిగ్రీల దిశకు 88 డిగ్రీల వాలు. ఇంకోటి పడమరకు, 270 దిశకు 88 డిగ్రీల వాలు. నిజానికి రెండూ దాదాపు నిలువే, వాటి మధ్య తేడా 4 డిగ్రీలే. కానీ దిశల సగటు తీస్తే 180 వస్తుంది, అంటే దక్షిణం! బండలో అటువైపు పగులే లేదు. అందుకని కోణాల సగటు కాకుండా నార్మల్స్‌తోనే పని చేయండి, అదీ తలకిందులైన నార్మల్‌ను తిరిగి తిప్పి ఒకే వైపు చూసేలా చేశాక. స్టీరియోనెట్ సాఫ్ట్‌వేర్లు ఈ జాగ్రత్త తామే తీసుకుంటాయి, సొంత కోడ్ రాస్తే మీరే తీసుకోవాలి.

వైరు కోత సంగతి మొదట్లో చెప్పాను కదా, దాన్ని ఏరేయాల్సింది ఈ మెట్టులోనే. కోసిన ముఖం గరుకుదనం చూడండి, సహజ పగులు కంటే చాలా నునుపు. వైశాల్యం చూడండి, ఒక్కటే ఉండి మహా పెద్దగా ఉంటుంది, దానికి జతగా అదే వాలులో మిగతా పలకలుండవు. ఫొటోలో దగ్గరగా చూస్తే వైరు తిరిగిన చారలు కనిపిస్తాయి. డ్రిల్లు వేసి చీల్చిన ముఖం మీద సగం గొట్టంలాంటి గాడులు సమాన దూరంలో ఉంటాయి. అసలైన పగులు ముఖం మీద తరచూ ఇనుపతుప్పు రంగో, మట్టి పూతో ఉంటుంది, నీరు దిగిన మరక అన్నమాట.

7. గీతల్ని పట్టుకోవడం

ఊడిపోని పగుళ్ల కోసం క్లౌడ్‌కంపేర్‌లోనే కంపాస్ అనే ప్లగిన్ ఉంది. పగులు గీత మీద రెండు చివర్లా క్లిక్ చేస్తే, మధ్యలో గీత వెంబడి దారి అదే వెతుక్కుని, ఆ గీతకు సరిపోయే పలక వాలు లెక్కిస్తుంది. పూర్తిగా ఆటోమేటిక్ కాదు, కానీ నాకు నచ్చింది ఇదే. న్యూరల్ నెట్‌వర్క్‌లతో ఫొటోల్లోంచి గీతలు తీసే పద్ధతులూ ఉన్నాయి. అవి నీడ అంచును, వేరును, కేబుల్‌ను కూడా పగులనేస్తాయి. మీ గోడ ఫొటోలతో నేర్పించేంత ఓపిక ఉంటేనే అటు వెళ్లండి.

గీత నుంచి వాలు తీయడంలో ఒక మెలిక ఉంది. గోడ చదునుగా ఉండి గీత తిన్నగా పోతే, ఆ గీత గుండా వేల పలకలు పోగలవు. తలుపు బందును ఊహించుకోండి, బందు ఒకటే, తలుపు ఎన్ని కోణాల్లోనైనా నిలుస్తుంది. గీత గోడ మూల తిరిగి లోపలికి వంగిన చోటే దాని వాలు నమ్మండి. తిన్నటి గీతలకు పొడవు మాత్రం రాసుకుని వాలు గడి ఖాళీగా వదిలేయండి.

8. దూరం, పొడవు

ఒక వరుసలోని పలకల మధ్య దూరం కావాలంటే, వరుస సగటు నార్మల్ దిశలో ఒక కొలబద్ద పెట్టినట్టు ఊహించి, ఒక్కో పలక మధ్య బిందువు దాని మీద ఎక్కడ పడుతుందో చూడాలి. ఉదాహరణకు ఐదు పలకలు వరుసగా 0.40, 1.15, 1.20, 2.10, 3.05 మీటర్ల దగ్గర పడ్డాయనుకోండి. 1.15కీ 1.20కీ మధ్య 5 సెంటీమీటర్లే ఉంది. మోడల్‌లో వెళ్లి చూస్తే ఒకే పగులు, మధ్యలో పొద అడ్డొచ్చి రెండు ముక్కలైంది. రెంటినీ కలిపేస్తే మిగిలేవి నాలుగు పగుళ్లు, మూడు ఖాళీలు. 3.05 లోంచి 0.40 తీసేసి మూడుతో భాగిస్తే సగటు దూరం దాదాపు 0.88 మీటరు. కలపకుండా లెక్కిస్తే 0.66 వచ్చేది. క్వారీ యజమానికి ఆ తేడా దిమ్మ సైజులో తేడా, అంటే డబ్బులో తేడా.

ఇంటర్నేషనల్ సొసైటీ ఫర్ రాక్ మెకానిక్స్ 1978లో ఇచ్చిన పద్ధతి ప్రకారం 0.6 నుంచి 2 మీటర్ల దూరం ఉంటే ఎడం ఎక్కువున్న వరుస. పొడవు 3 నుంచి 10 మీటర్లుంటే మధ్యరకం. అయితే పది మీటర్ల గోడలో పది మీటర్ల కంటే ఎత్తైన పగులు ఎలాగూ కనిపించదు. గోడ అంచును తాకిన పగుళ్లకు "ఇంతకంటే ఎక్కువ" అని గుర్తు పెట్టండి.

ఆ పద్ధతిలో పగులు గురించి రాయాల్సిన విషయాలు మొత్తం పది. వాటిలో వాలు, దూరం, పొడవు, గరుకుదనం, వరుసల సంఖ్య, దిమ్మ సైజు స్కాన్ ఇస్తుంది. లోపల మట్టి నిండిందా, నీరు కారుతోందా, పగులు గోడ ఎంత మెత్తబడింది అన్నవి స్కాన్‌కు అందవు. పగులు నోరు ఎంత తెరుచుకుందన్నది కూడా మిల్లీమీటర్లలో ఉంటే అందదు. వాటికి మళ్లీ గోడ దగ్గరికి వెళ్లాల్సిందే.

9. సరిచూసుకోవడం

గోడ కింది భాగంలో చేతికందే పలకలు ఓ ఇరవై ఎంచుకోండి. నంబర్లు వేసి ప్రింటు తీసుకుని వెళ్లి, కంపాస్‌తో ఒక్కోటి కొలవండి. తేడా ఐదు డిగ్రీల లోపుంటే బాగుంది. అన్నిటిలోనూ ఒకే దిక్కుకు పది పన్నెండు డిగ్రీలు తేడా వస్తే పలకల తప్పు కాదు, రెండో మెట్టులో ఉత్తరం తప్పింది. కొన్నిటిలోనే వస్తే ఆ పలకలు గరుకైనవో, రెండు ముఖాలు కలిసిపోయినవో అయ్యుంటాయి.

రోడ్డు పక్క గోడైతే ఇంకో పరీక్ష కూడా చేయండి. ఏ వరుస రోడ్డు వైపు వాలుతోందో, గోడ వాలుకూ దానికీ దిశలో తేడా 20 డిగ్రీల లోపుందో, దాని వాలు గోడ వాలు కంటే తక్కువగా, రాయి జారుడు కోణం (రాయి మీద రాయి జారడం మొదలయ్యే వాలు) కంటే ఎక్కువగా ఉందో చూడండి. మూడూ కలిస్తే ఆ పలకల మీదున్న రాయి జారొచ్చు. ఆ పలకల్ని ఎర్రరంగులో వేసి, నంబర్లతో సహా బొమ్మ తీసి ముందు అదే పంపండి, మిగతా రిపోర్టు తర్వాత రాసుకోవచ్చు.

ఆ క్వారీలో రెండోసారి ప్రింటు పట్టుకెళ్లినప్పుడు పెద్దాయన ఏమీ అనకుండా సుత్తి తీసుకుని 14వ నంబరు పలక పక్కన రెండు చోట్ల కొట్టాడు. ఒకచోట టంగుమంది, ఇంకోచోట బోలుగా మోగింది. "గిది రాసుకోలేదు సార్" అన్నాడు. గోడ వెనక, పైకి గీత కూడా పడకుండా, ఇంకో పగులుంది. దాన్ని పెన్నుతో ప్రింటు మీదే గీసుకున్నాను.